నువ్విప్పుడు ఏ లోకంలో ఉన్నావు?

మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర "ఈరోజు ఏం జరిగింది?" అని అడిగితే జవాబు రాదు. తొమ్మిదో తరగతి చదివే మావాడు "ఏం లేదు" అంటాడు. మావారు "ఆఫీసులో కొత్తగా ఏముంటుంది?" అంటారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పుల సంగతి రోజూ చెప్పాలంటే ఆవిడకే విసుగు. అదే "నువ్విప్పుడు ఏ లోకంలో ఉన్నావు?" అని అడిగితే మాత్రం ఇద్దరు ముగ్గురు ఒకేసారి మొదలుపెడతారు. చారు చల్లారిపోతున్నా ఎవరికీ పట్టదు.

లోకం అంటే ఆ వారం చదువుతున్న పుస్తకంలోని లోకం అన్నమాట. మాయలూ మంత్రాలూ ఉన్న పుస్తకాలంటే మావారికి తప్ప ఇంట్లో అందరికీ పిచ్చే. మావాడు హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ మూడోసారి చదువుతున్నాడు. 74 ఏళ్ల మా అత్తయ్యవి చందమామ సీరియళ్లు. మామయ్యగారు నెలనెలా ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, సీరియల్ అయిపోగానే బైండు చేయించేవారట. అట్టలు ఊడిపోయిన ఆ బైండులు ఇప్పటికీ ఆవిడ మంచం పక్కనే ఉంటాయి. "శిఖిముఖీ విక్రమకేసరీ ఇంకా అడవిలోనే ఉన్నారు" అని ఆవిడ చెబితే, శిథిలాలయం ఎన్నోసారి చదువుతున్నారో ఎవరమూ అడగం. "నేను కరెంటు బిల్లుల లోకంలో ఉన్నాను" అని మావారు రోజూ అదే జోకు వేస్తారు. మేం రోజూ నవ్వుతాం.

దీనికి మా ఇంట్లో ఒక రూలుంది. కథ చెప్పకూడదు, లోకం చెప్పాలి. చివరికి ఎవరు గెలిచారో, ఎవరు పోయారో చెప్పేస్తే తర్వాత చదివేవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే. అందుకని అడిగేవాళ్లు కూడా కథ జోలికి పోకుండా అడగాలి. అక్కడ ఏం తింటారు? అది ఎవరు వండుతారు? అక్కడ మంత్రం వెయ్యాలంటే ఏం పోగొట్టుకోవాలి? మేం ఎప్పుడూ అడిగేవి ఈ మూడే.

రెండో ప్రశ్న అత్తయ్యది. హాగ్‌వార్ట్స్ విందులో బంగారు పళ్లేల నిండా భోజనం దానంతట అదే వచ్చేస్తుందని మావాడు గొప్పగా చెబుతుంటే, "దానంతట అది రావడమేంట్రా? ఎవరో వండి ఉంటారు, వాళ్లని నీకు చూపించలేదంతే" అన్నారావిడ. వాడు అప్పటికి రెండో పుస్తకంలో ఉన్నాడు. నాలుగో పుస్తకానికి వచ్చాక ఒకరోజు అన్నం మధ్యలో లేచి నిలబడి, "నానమ్మా, నువ్వు చెప్పిందే నిజం!" అన్నాడు. ఆ పెద్ద హాలు కింద వంటగది ఉంటుంది. అందులో వందమందికి పైగా ఎల్ఫులు జీతం భత్యం లేకుండా వండి, పళ్లేలని మంత్రంతో పైకి పంపుతుంటాయి. అది తెలిసి హెర్మయినీ వాటి కోసం ఒక సంఘం పెడుతుంది. "ఆ పిల్లకి బుద్ధుంది" అన్నారు అత్తయ్య. ఇంకా పైకి వెళితే ఏడో పుస్తకంలో, ఎంత మంత్రమైనా శూన్యంలోంచి భోజనం పుట్టించలేదని తేలుతుంది. దానికి ఆవిడ అక్షయపాత్ర కథ ఎత్తుకున్నారు. సూర్యుడిచ్చిన ఆ పాత్ర ఎంతమందికైనా పెడుతుంది, కానీ ద్రౌపది తినేంతవరకే. ఆవిడ తినేశాక ఆ రోజుకి ఖాళీ. "ఇంటావిడ ఆఖర్న తినాలని మంత్రాల్లో కూడా రాశారు చూశావా" అని నా వంక చూసి నవ్వారు. ఆవేళ నాకు ముందు వడ్డించారు.

చందమామ గురించి ఒక్క మాట. మనలో చాలామందికి ఇలాంటి లోకం మొదట చూపించింది ఆ పత్రికే. 1947 జులైలో మొదలైంది. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ లాంటి సీరియళ్లని 1950ల నుంచి రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. బొమ్మలు చిత్రా గారివి. సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. అత్తయ్యకి ఆ పేరు తెలిసింది మనవలు పుట్టాక. నెలంతా ఎదురు చూడాలి కాబట్టి ఆవిడ చిన్నప్పుడు చెల్లెళ్లూ, పక్కింటి పిల్లలూ కలిసి తర్వాత ఏం జరుగుతుందో వాళ్లే కల్పించుకునేవాళ్లట. అసలు సంచిక వచ్చాక "మనదే బావుంది" అనుకున్న నెలలు కూడా ఉన్నాయట.

ఇదంతా సరదాకి మొదలైన అలవాటే. సరదాని మించి దీని అవసరం పడిన ఏడాది ఒకటుంది. అది మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం.

అది చేరిన కాలేజీ మా ఊరికి నాలుగు గంటల ప్రయాణం. హాస్టల్లోనే ఉండాలి. ఫోను ఆదివారం సాయంత్రం పది నిమిషాలు. వెనక ఇంకో పాతికమంది పిల్లలు వరసలో ఉంటారు. "తిన్నావా?" అంటే "ఆ". "నిద్ర పడుతోందా?" అంటే "ఆ". "చదువెలా ఉంది?" అంటే "బానే ఉంది". ఈ మూడూ ఒక నిమిషంలో అయిపోయేవి. మిగతా తొమ్మిది నిమిషాలు తమ్ముడి గురించీ, వీధిలో కుక్కపిల్లల గురించీ నేనే మాట్లాడేదాన్ని.

దసరా సెలవులకి వచ్చినప్పుడు మా తమ్ముడు హైదరాబాదు నుంచి ఒక పాత పుస్తకం తెచ్చిచ్చాడు, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది. ఉర్సులా లెగ్విన్ అనే అమెరికన్ రచయిత్రి 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. ఇది ఒక మూడోవంతు చదివింది, సెలవులైపోయాయి. హాస్టల్లోకి బయటి పుస్తకాలు రానివ్వరు. బస్టాండులో పుస్తకం నా సంచిలో పెట్టి, "నువ్వు చదివి నాకు చెప్పమ్మా. దీనికి రూలు లేదు, కథ మొత్తం చెప్పాలి" అంది.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఇంగ్లీషు పుస్తకమంటే పక్కన శంకరనారాయణ నిఘంటువు ఉండాల్సిందే. రాత్రి వంటింటి పని ముగిశాక రోజుకి నాలుగైదు పేజీలు. ముఖ్యమైనవన్నీ పాల లెక్క పుస్తకంలో వెనక పేజీల నుంచి రాసుకునేదాన్ని.

ఆ లోకం గురించి చెప్పాలి మీకు. అక్కడ ఖండాలు లేవు, అన్నీ దీవులే. గోంట్ అనే కొండ దీవిలో మేకలు కాసుకునే ఒక తల్లిలేని పిల్లాడు. రాగి, ఎరుపు కలిసిన చామనఛాయ వాడిది. అక్కడ ఎక్కువమంది నల్లగానో చామనఛాయగానో ఉంటారు. రచయిత్రి కావాలనే అలా రాశారు. వాడికి మొదటి మంత్రాలు నేర్పింది ఊళ్లో మంత్రగత్తె అయిన వాళ్ల పెద్దమ్మో పిన్నో, ఇంగ్లీషులో తల్లి తోబుట్టువని చెప్పి ఊరుకున్నారు, పెద్దదో చిన్నదో చెప్పలేదు. మా అమ్మాయి పిన్నే అంది. ఈ ఒక్క మాట మీదే ఒక ఆదివారంలో రెండు నిమిషాలు ఖర్చయ్యాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది పేర్ల సంగతి. ఆ లోకంలో ప్రతి మనిషికీ, రాయికీ, చెట్టుకీ ఒక అసలు పేరుంటుంది. అసలు పేరు తెలిసినవాడికి దాని మీద శక్తి ఉంటుంది. అందుకని పైకి ఒక వాడుక పేరుతో తిరుగుతారు. అసలు పేరు ప్రాణంలా నమ్మినవాళ్లకే చెబుతారు. మన జన్మనామం లాంటిది అనుకోండి. నక్షత్రాన్ని బట్టి పెట్టిన ఆ పేరు ముహూర్తాలప్పుడు తప్ప బయటికి రాదు కదా, అలా. ఈ పిల్లాడి వాడుక పేరుకి తెలుగులో 'డేగ' అనొచ్చు. అసలు పేరు గెడ్. ఆ పేరు పెట్టింది ఓగియన్ అనే గురువు. ఎక్కువ మాట్లాడడు. వానొస్తే మంత్రంతో ఆపడు, చెట్టు కిందికి వెళ్లి పడుకుంటాడు. ఎందుకంటే అక్కడ మంత్రానికి వెల ఉంది. ఒకచోట వాన తెప్పిస్తే ఇంకోచోట కరువు రావచ్చు.

గెడ్‌కి ఆ నిదానం నచ్చదు. రోక్ దీవిలో మాంత్రికుల బడికి వెళ్లిపోతాడు. అక్కడ తోటివాడు రెచ్చగొడితే, నేనే గొప్పవాణ్ణని చూపించడానికి చెయ్యకూడని మంత్రం ఒకటి చేస్తాడు. దాంతో ఇవతలి లోకంలోకి ఒక నీడ వచ్చేస్తుంది. ఆ నీడ వాణ్ణి వదలదు. దీవి నుంచి దీవికి పారిపోతూనే ఉంటాడు.

ప్రతి ఆదివారం పది నిమిషాల్లో ఇందులో ఒక ముక్క చెప్పేదాన్ని. కాశీమజిలీ కథల్లో గోపబాలుడికి మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు కదా, మాకు ఆదివారం ఒక మజిలీ. వినేవాడు అడగాలి, అప్పుడే చెప్పేవాడికి ఊపు. మాదీ అడిగేది. మొదట్లో రోక్ బడిని నేను "గురుకులం" అంటే, "గురుకులం కాదమ్మా, హాస్టలు" అంది. ఇంకో వారం, "అక్కడ ర్యాంకులుంటాయా?" అంది. ఆ పుస్తకంలో ర్యాంకుల మాట నేను చదివినంతలో లేదు, అదే చెప్పాను. ఆ తర్వాత వారం, "నీడ సంగతి గెడ్ ఎవరికైనా చెప్పాడా?" అంది. గురువులకి తెలుసు, వెచ్ అని ఒక స్నేహితుడున్నాడు, ప్రమాదమని తెలిసినా తన అసలు పేరు వీడికి చెప్పాడు అన్నాను. "అలాంటివాడు ఒకడుంటే చాలు" అంది. "బానే ఉంది" అనే జవాబులో నాకు తెలియనివి ఈ ప్రశ్నల్లో తెలుస్తున్నాయి. పాల లెక్క పుస్తకంలో కథ కింద దాని ప్రశ్నలు కూడా రాసిపెట్టడం మొదలుపెట్టాను.

అది నన్ను సరిదిద్దినప్పుడల్లా నాకు టోల్కీన్ గుర్తొచ్చేవాడు. 'ది హాబిట్' 1937లో పుస్తకంగా రాకముందు ఆయన ఆ కథని ఇంట్లో పిల్లలకి చెప్పేవాడు. చిన్నవాడు క్రిస్టొఫర్, పోయినసారి బిల్బో ఇంటి తలుపు నీలం అన్నావు, ఇప్పుడు ఆకుపచ్చ అంటున్నావు అని తండ్రిని నిలదీశాడట. ఆయన విసుక్కుంటూనే వెళ్లి రాసిపెట్టుకున్నాడట. ఆ పిల్లాడే పెద్దవాడై 1944లో యుద్ధం రోజుల్లో, వైమానిక దళంలో శిక్షణకి దక్షిణాఫ్రికా వెళితే, తండ్రి అప్పుడు రాస్తున్న 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అధ్యాయాలని పూర్తయినవి పూర్తయినట్టు అతనికి పోస్టు చేశాడు. దూరంగా ఉన్న బిడ్డకి క్షేమమా అని రాస్తూ, దాంతో పాటు ఒక లోకాన్ని కూడా పంపడమన్నమాట. నా దగ్గర ఉన్నది ఇంకొకరి లోకం. అయినా పంపాను.

నవంబరు చివర్లో ఒక ఆదివారం నేను చెప్పాల్సిన ముక్క ఇది. నీడ నుంచి తప్పించుకోవడానికి గెడ్ డేగ రూపం ఎత్తి సముద్రాల మీదుగా ఎగిరి గోంట్‌కి వస్తాడు. ఆ రూపంలో మరీ ఎక్కువసేపు ఉండిపోవడంతో మనిషి మాట మర్చిపోతాడు. తిరిగి మనిషి కావడం చేతకాదు. తిన్నగా వెళ్లి ఓగియన్ చేతి మీద వాలతాడు. ఆయన వాణ్ణి లోపలికి తీసుకెళ్లి, పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చోబెట్టి, మంచినీళ్లు పెడతాడు. డేగ తాగదు. అప్పుడు నెమ్మదిగా మంత్రం అల్లి, ఆ పక్షి వంక చూడకుండానే "గెడ్" అని అసలు పేరు పెట్టి పిలుస్తాడు. చూసేసరికి పొయ్యి దగ్గర వణుకుతూ మనిషి నిలబడి ఉంటాడు.

అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. కాసేపటికి, "అమ్మా, నన్ను పేరు పెట్టి పిలువు" అంది.

ఇంట్లో దాన్ని ముద్దుపేరుతోనే పిలుస్తాం. స్కూల్లో పేరు వేరు. నేను దాని పూర్తి పేరు పిలిచాను, ఇంటిపేరుతో సహా. అప్పుడు ఏడ్చింది. ఇక్కడ నన్నెవరూ పేరుతో పిలవరమ్మా, సెక్షనూ నంబరూ అంతే అంది. వారం వారం పరీక్షలు, ర్యాంకుల జాబితా గోడకి అంటిస్తారు. దసరా తర్వాత దాన్ని రెండు సెక్షన్లు కిందికి దించారు. గది మార్చారు, స్నేహితురాళ్లు విడిపోయారు. మూడు వారాలుగా రాత్రిళ్లు నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. "మీరు కట్టిన ఫీజు గుర్తొచ్చి చెప్పలేదు" అంది. వెనక ఎవరో టైమైపోయిందన్నారు.

పాల లెక్క పుస్తకం మూసి మావారికి చెప్పాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాం. అక్కడి పెద్దలతో ఏం మాట్లాడామో ఇక్కడ అనవసరం. నాలుగు రోజులు ఇంటికి తెచ్చుకున్నాం. గెడ్‌లాగా నేనూ నీడకి ఎదురు తిరుగుతానని మా అమ్మాయి ఏమీ అనలేదు, అలాంటి మాటలు సినిమాల్లో బావుంటాయి. పెరుగన్నం తిని పద్నాలుగు గంటలు పడుకుంది. లేచాక పుస్తకం అడిగి తీసుకుని, మిగిలిన పేజీలు తనే చదువుకుంది. రెండో రోజు రాత్రి అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ ఏడాది అక్కడే పూర్తి చేస్తానంది, అది దాని నిర్ణయమే. ఫోను మాత్రం వారానికి రెండుసార్లు కావాలని అడిగింది, ఒప్పించాం. రెండో సంవత్సరం మా ఊళ్లోనే కాలేజీకి ఇంటి నుంచి వెళ్లింది. మార్కులు మామూలుగా వచ్చాయి. నిద్ర బాగా వచ్చింది.

మనసులో మాట నేరుగా చెప్పలేని పిల్లకి, ఇంకెవరి గురించో అడగడం సులువు. గెడ్ భయపడ్డాడా అని అడగొచ్చు, నాకు భయమేస్తోందని చెప్పడం కష్టం. బ్రాంటీ అక్కచెల్లెళ్ల సంగతి చదివినప్పుడు నాకిది మరీ గట్టిగా అనిపించింది. ఇంగ్లండులో హావర్త్ అనే ఊరు. 1821లో వాళ్ల తల్లి పోయింది. 1825లో పెద్దక్కలిద్దరూ హాస్టల్ బడి నుంచి జబ్బుతో ఇంటికొచ్చి వారాల తేడాతో పోయారు. ఆ మరుసటేడు తండ్రి కొడుకు బ్రాన్వెల్‌కి ఒక పెట్టె చెక్క సైనికులు తెచ్చిచ్చాడు. షార్లెట్, ఎమిలీ, ఆన్ తలా ఒక బొమ్మ తీసుకుని పేర్లు పెట్టారు. అక్కడి నుంచి దేశాలూ, రాజులూ, యుద్ధాలూ పుట్టాయి. అరచేతిలో పట్టేంత పుస్తకాలు కుట్టి, చీమల్లాంటి అక్షరాలతో వాటి చరిత్రలు రాసుకున్నారు. పెద్దవాళ్లయినా మానలేదు. 1845లో 26 ఏళ్ల ఎమిలీ, 25 ఏళ్ల ఆన్ యార్క్ దాకా ప్రయాణం చేస్తూ, దారి పొడుగునా తమ గోండాల్ దేశపు మనుషుల వేషాలు కట్టుకుని మాట్లాడుకున్నారట. ఇంట్లో కష్టాలు ఎన్నున్నా వాళ్లు కలుసుకునే చోటు ఒకటి ఉండేదన్నమాట.

మీ ఇంట్లో అడగాలనుకుంటే ఒక్కటే జాగ్రత్త. "ఇందులో నీతి ఏంటి?" అని మాత్రం అడక్కండి. అడిగిన మరుక్షణం అది తెలుగు వాచకమైపోతుంది. వాచకం చదువుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. అక్కడ వాన పడుతుందా, ఆడపిల్లలు బడికి వెళతారా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఇలాంటివి అడగండి. పుస్తకం చదవని పిల్లలైతే వాళ్లాడే వీడియో గేములో లోకం గురించి అడగండి. అదీ లోకమే.

మా అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. పోయిన నెల లెగ్విన్‌దే ఇంకో పుస్తకం పంపింది, 'టెహాను'. 1990లో వచ్చింది. అందులో నాయిక ఒక నడివయసు గృహిణి. పెళ్లిళ్లూ పిల్లలూ అయ్యాక, భర్త పోయాక, పొలం చూసుకుంటూ ఉండే ఆవిడ. ఇంతకుమించి చెప్పను, రూలు రూలే. ఈ మాట అత్తయ్యతో అంటే, పక్కనున్న చందమామ బైండు మూసి, కళ్లజోడు తీసి, "మన వయసువాళ్లు కూడా ఉన్నారా ఆ దీవుల్లో? అయితే నాకూ చెప్పు, మొదటి నుంచీ చెప్పు" అన్నారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మంచం మీద కూర్చుని ఒక్కో ముక్కా తెలుగులో చెబుతున్నాను. నిన్నటికి మూడో అధ్యాయం. అక్కడి వంటలు ఆవిడకి పెద్దగా నచ్చలేదు.